పాడు లాన్‌కి ఒక మాలీ

మా కంపెనీ చరిత్ర రాయమన్నారు నన్ను. "మేడమ్, మీకైతే అన్నీ గుర్తు" అని చిన్న సాబ్ స్వయంగా నా టేబుల్ దగ్గరికొచ్చి అడిగాడు. తగుదునమ్మా అని నేనూ సంబరపడిపోయి, రెండు నెలలు ఆదివారాలన్నీ తగలేసి రాశాను. పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, బోలెడు రంగుల ఫోటోలు. తీరా తిరగేసి చూద్దును కదా, నేను రాసినవాటిలో అసలు పేజీలే లేవు! అడిగితే మార్కెటింగ్ అమ్మాయి "అది బ్రాండ్‌కి బాగోదు మేడమ్" అంది. బ్రాండంట, బ్రాండు, నా బొంద! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లని అని ఏం లాభం, చెప్పినవాళ్ళు చెప్పారు, కత్తిరించింది.

అందుకే ఆ పేజీలు ఇక్కడ రాస్తున్నాను. అవి మా ఫ్యాక్టరీ తోట చూసే మాలీ బాబా గురించి. నా నోటిదురద వల్ల ఆయన ఉద్యోగం పోయేదాకా వచ్చిన రోజుల గురించి.

ఫరీదాబాద్‌లో మాది గడ్డి కోసే మిషన్లు చేసే కంపెనీ. పెద్ద సాబ్, అంటే ఈ చిన్న సాబ్ వాళ్ళ నాన్నగారు, మొదట్లో నీళ్ళ పంపుల విడిభాగాలు చేసేవారట. ఢిల్లీలో బంగళాల ముందు అంతేసి పచ్చిక చూసి, దీన్నెవడో ఒకడు కోయాలి కదా అనుకున్నారట. తన చిన్నప్పుడు పెద్ద పెద్ద లాన్ల మీద ఎద్దులు మిషన్ లాగేవని, గడ్డి పాడవకుండా వాటి గిట్టలకి తోలు తొడుగులు వేసేవారని ఆయన చెబుతుంటే నేను నమ్మేదాన్ని కాదు. ముందు చేత్తో తోసే మిషన్లు చేశారు, తర్వాత పెట్రోల్ ఇంజన్‌వి, ఆ తర్వాత పొలం గట్లు కోసే బ్రష్ కట్టర్లు, కొమ్మలు కోసే రంపాలు, ఇప్పుడు బ్యాటరీవి. ఈ వరసంతా పుస్తకంలో ఉంది, నేను రాసినట్టే ఉంది.

నేను చేరింది పెట్రోల్ మిషన్ల కాలంలో. మాది కాకినాడ పక్క. మా ఆయనకి ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, ఆర్.కె. పురంలో క్వార్టరు. నా దగ్గర మెకానికల్ డిప్లొమా ఉంది, ఇంట్లో కూర్చోలేని ఒళ్ళు ఉంది. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం దొరికింది. రింగ్ రోడ్డు మీద కంపెనీ బస్సు ఎక్కి ఫరీదాబాద్ పోవడం, గ్రీజు చేతుల్తో తిరిగిరావడం. "ఆఫీసుకెళ్ళొస్తున్నావా, షెడ్డుకెళ్ళొస్తున్నావా" అని మా ఆయన రోజూ అదే జోకు వేసేవారు.

మొదటిరోజే తిట్లు తిన్నాను. ఫ్యాక్టరీ వెనకాల లాన్ చూపిస్తామంటే చూద్దామని వెళ్ళి, బూట్లతో రెండడుగులు వేశానో లేదో, "జూతే! జూతే ఉతారో!" అని ఎక్కడినుంచో అరుపు. చూస్తే నీళ్ళ పైపు పట్టుకుని ఒక బక్కపల్చటి ముసలాయన, ఆయనే బాబా. ముసలాయన అంటున్నాను గాని అప్పటికి యాభై కూడా ఉండవేమో, ఎండకి అలా అయిపోయాడు. ఇంజనీరమ్మనని, కొత్తగా చేరానని చెప్పాను. అయితే ఏంటట, బూట్లు విప్పమన్నాడు. గుళ్ళోకొచ్చానా, గడ్డిలోకొచ్చానా అని తెలుగులో గొణుక్కుంటూ విప్పాను. ఒట్టి కాలు ఆ గడ్డి మీద పెట్టాక ఇక గొణగలేదు. మెత్తగా, చల్లగా, అంత దూరం నడిచినా కాలికి ఇసకరేణువు తగల్లేదు.

ఆ లాన్ చుట్టూ మా దగ్గరొక ఆచారం ఉండేది. ప్రతి మిషన్నీ డబ్బాలో పెట్టేముందు ఆ గడ్డి మీద అటొకసారి, ఇటొకసారి నడిపించాలి. నడిపేవాడికి మాత్రం బూట్లు విప్పక్కర్లేదు, అవి కూడా బ్రష్షుతో దులుపుకుని రావాలి. మర్నాడు పొద్దున్నే బాబా ఆ చారల పక్కన గొంతుక్కూర్చుని గడ్డి కొసలు చూసేవాడు. బ్లేడు పదును సరిగ్గా లేకపోతే గడ్డి తెగదు, చిరుగుతుంది. చిరిగిన కొస తెల్లారేసరికి పాలిపోతుంది. పాలిపోతే మిషన్ వెనక్కి. లేకపోతే "పాస్" అనేవాడు. ఇంగ్లీషులో ఆయనకొచ్చిన మాట అదొక్కటే. ఆయన పాస్ అన్నాకే నేను కాగితం మీద సంతకం పెట్టాలి. చదువుకున్నదాన్ని, ఒక మాలీ మాట కోసం కాచుక్కూర్చోవాలా అని మొదట్లో ఉడుక్కునేదాన్ని. నెల తిరక్కుండానే ఆ కొసలు చూడ్డం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనది తూర్పు యూపీలో ఎక్కడో పల్లె. భార్య, పిల్లలు అక్కడే. ఈయనకి పంపు షెడ్డు వెనక ఒక చిన్న గది ఇచ్చారు. ఉద్యోగం, గది, గడ్డి, మూడూ ఒకచోటే. తెల్లారి లేస్తే లాన్‌లో రాళ్ళేరడమే పని. ఎండుటాకు పడితే తీసేవాడు. ఫ్యాక్టరీకి ఎవరు పెద్దమనుషులొచ్చినా సాబ్ ముందు ఆ లాన్ చూపించేవారు, బాబా గుమ్మం దగ్గర పెళ్ళికూతురి తండ్రిలా నిలబడేవాడు.

ఇలా ఉండగా ఒక ఏడాది వానాకాలంలో మిషన్లు వెనక్కి రావడం మొదలైంది. ఒకటీ అరా కాదు, గోడౌన్‌లో చోటు చాల్లేదు. బ్లేళ్ళు వంకర్లు తిరిగి, ఇంజన్ షాఫ్టు దగ్గర ఆయిల్ కారుతూ, కొన్నైతే అసలు తిరక్కుండా. అన్నీ మా లాన్ మీద పాసైనవే, అన్నిటికీ నా సంతకమే. మీటింగులో సేల్సు వాళ్ళు డిజైన్ వాళ్ళని తిట్టారు. డిజైన్ వాళ్ళేమో, కొన్నవాళ్ళకి నడపడం చేతకావట్లేదన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అని నేను పక్కనున్నవాడితో అన్నాను. వాడికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

ఊరికే కూర్చోలేక ఒక శనివారం ఒక కొత్త మిషన్ని కంపెనీ వ్యాన్‌లో మా క్వార్టర్స్‌కి తెచ్చుకున్నాను. మా బ్లాకుల మధ్య అందరిదీ, ఎవరిదీ కాని ఒక గడ్డిజాగా ఉంది. పంద్రాగస్టు అయిన వారం అది. ఆదివారం పొద్దున్న తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేసేసరికి బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఆంధ్రా మేడమ్ గడ్డి కోస్తోంది చూడండహో అని పిల్లలు దండోరా వేశారు. పది గజాలు బాగానే పోయింది. అంతలో టప్పుమని ఇటుకముక్క ఒకటి ఎగిరి, మా కింది క్వార్టర్ ఆంటీ గులాబీ కుండీకి తగిలి అది రెండు చెక్కలైంది. ఇంకో నాలుగడుగులకి పాలకవరు బ్లేడుకి చుట్టుకుంది. అది తీసి మళ్ళీ స్టార్ట్ చేశాను. పొగ, కాలిన రబ్బరు కంపు, ఆగిపోయింది.

కింది ఆంటీ వాళ్ళది కర్నూలు. ఆవిడ నింపాదిగా కొంగు దోపుకుని వచ్చి, "ఏమ్మా, ఇదేనా మీ కంపెనీ మిషను? మా అత్త కొడవలి తీసుకుంటే ఈపాటికి కోసేసి స్నానం కూడా చేసుంటాది" అంది. అందరూ నవ్వారు. మా అమ్మాయి, అప్పటికి చిన్నది, నా చున్నీ పట్టుకుని "మమ్మీ, ఛోడో నా, ఘర్ చలో" అని, వదిలేసి ఇంటికి పోదామని ఏడుపు మొహం పెట్టింది. తల కొట్టేసినట్టయింది నాకు.

సాయంత్రం భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి మిషన్ అడుగుభాగం విప్పాను. మా ఆయన కంచం పట్టుకుని సోఫాలోకి వలసపోయారు. షాఫ్టు చుట్టూ గాలిపటాల దారం, మాంజా, మూరల కొద్దీ చుట్టుకుని, లోపల ఆయిల్ ఆపే రబ్బరు చుట్టుని కోసేసింది. పట్టకారుతో లాగుతుంటే వస్తూనే ఉంది. పంద్రాగస్టుకి ఢిల్లీలో తెగిన పతంగులు ఎన్ని, వాటి దారాలన్నీ ఎక్కడ పడతాయి? ఇలాంటి గడ్డిలోనే. ఇటుకముక్కలు, పాలకవర్లు, గుట్కా పొట్లాలు, దీపావళి రాకెట్ పుల్లలు, ఇవన్నీ లేని గడ్డి ఢిల్లీలో ఎక్కడుంది? మా బాబా లాన్‌లో తప్ప! మేం ఇన్నాళ్ళూ మిషన్లకి పరీక్ష పెట్టలేదు. ఆ లాన్ మీద విరిగిపోయిన దువ్వెన నడిపినా పాసవుతుంది.

సోమవారం మీటింగులో ఆ దారం ఉండ బల్ల మీద పెట్టాను. "సర్, మన లాన్ మరీ బాగుంది. అదే మన తప్పు" అన్నాను. అందరూ నా వంకే చూశారు. ఆహా, ఎంత గొప్పగా చెప్పాననుకున్నానో! పెద్ద సాబ్ ఆ దారాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "కరెక్ట్" అన్నారు. తర్వాత పర్సనెల్ మేనేజర్ వైపు తిరిగి, "అయితే ఇక మాలీ ఎందుకు? నీళ్ళు ఆపేయండి. దానంతటదే పాడవుతుంది. అతనికి దీపావళి దాకా టైమివ్వండి" అన్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చేసిన పని చూడండి. ఎప్పుడూ ఊరుకోని నోరు సరిగ్గా అప్పుడే ఊరుకుంది, దాని తద్దినం పెట్ట!

మధ్యాహ్నానికల్లా బాబాకి తెలిసిపోయింది. పంపుకి తాళం వేశారు. ఆయన ఖాళీ పైపు చుట్ట చుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. "మేడమ్, నా గడ్డిలో ఏం తప్పు?" అని అడిగాడు. "తప్పేం లేదు బాబా" అన్నాను. "మరి నన్నెందుకు పొమ్మంటున్నారు?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి వచ్చేశాను. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను, పక్కసీటు అకౌంట్స్ ఆయన జలుబనుకుని విక్స్ ఇచ్చాడు.

వానలు వెనకబట్టాయి. నీళ్ళు లేక లాన్ పసుపుపచ్చగా మారి, మచ్చలు మచ్చలుగా మట్టి తేలింది. గోడ వారన మాత్రం మనం వయ్యారిభామ అంటామే, ఆ కాంగ్రెస్ గడ్డి నడుమెత్తు లేచింది. మిషన్ నడిపితే ఒకపక్క దుమ్ము, ఒకపక్క అడవి. ఒకరోజు మిషన్ ఆగిపోతుంది, మర్నాడు అదే మిషన్ నడుస్తుంది. ఎందుకాగిందో, ఎందుకు నడిచిందో తెలిస్తే ఒట్టు. కాగితాల మీద నేనేం రాయాలో నాకే అర్థం కాలేదు. అలా దుమ్ములో నిలబడి దగ్గుతుంటే బుర్ర వెలిగింది. చెంగు బిగించినంత పని చేసి సాబ్ గదిలోకి పోయాను.

"సర్, వదిలేస్తే అది పాడు లాన్ అవ్వదు. అసలు లాన్ అవ్వదు. పాడు లాన్ కూడా ఒకరు పెంచాలి" అన్నాను. ఆయన అద్దాల మీంచి చూశారు. "నిన్నటి మిషన్‌కి రెండు ఇటుకముక్కలు తగిలి, ఇవాళ్టి దానికి ఏడు తగిలితే ఏది మంచిదో ఎలా తేలుతుంది? రోజూ అంతే పాడుగా ఉండాలి సర్. ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. అంతే తడి, అన్ని రాళ్ళు, అంతే దారం. అది మాలీ చెయ్యాల్సిన పని. అదీ మంచి మాలీ!" సాబ్ ముందు నవ్వారు. పంజాబీ నవ్వు, బల్ల అదిరింది. "పాడు చెయ్యడానికి జీతమిచ్చే మాలీ! సరే మేడమ్, ఒప్పుకుంటే ఉండమనండి" అన్నారు.

పరుగెత్తుకుంటూ పంపు షెడ్డు వెనక్కి పోయాను. బాబా రేకు పెట్టెలో బట్టలు సర్దుతున్నాడు. దీపావళికి వారం ఉంది. విషయం చెప్పాను, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన సర్దడం ఆపలేదు. "పెంచమంటే పెంచుతా. పాడు చెయ్యమంటే నా వల్ల కాదు. మా నాన్న మాలీ, మా తాత మాలీ. పోతాను" అన్నాడు. చెప్పాను, మళ్ళీ చెప్పాను, బతిమాలాను. చివరికి నాకు ఒళ్ళు మండిపోయి, "పో అయితే! పోయి ఊళ్ళో కూర్చో! నేను సాబ్ ముందు సిగ్గు విడిచి అడిగొచ్చాను, ఈయనకి పౌరుషం!" అని కేకలేశాను, సగం హిందీ, సగం తెలుగు. ఆయన కిసుక్కున నవ్వాడు. "తెలుగులో తిడితే బాగుంటుంది, ఇంకా తిట్టు" అన్నాడు. ఆ సందులో దూరిపోయాను. పెట్టె తర్వాత సర్దుకోవచ్చు, ఒక్కసారి మా కాలనీకి వచ్చి ఆ గడ్డి చూడమన్నాను.

ఆదివారం రెండు బస్సులు మారి వచ్చాడు, ఉతికిన కుర్తా వేసుకుని. మా గడ్డిజాగా అంచున చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చుని ఒక్కో మొక్కా వేళ్ళతో విడదీశాడు. "ఇది దూబ్, ఇది మోథా, ఇది గోఖ్రూ" అంటుంటే నేను పక్కనుంచి గరిక, తుంగ, పల్లేరు అని వంత పాడాను. వయ్యారిభామ పేరుకి అర్థం చెబితే ఆ గడ్డికి అంత సోకు పేరా అని పడీపడీ నవ్వాడు. అటు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇటు నవారు మంచం మీద ఎవరిదో పసిబిడ్డ ఎండ కాగుతోంది. కింది ఆంటీ వడియాల చాప పరిచి, కాకి రాకుండా మా అమ్మాయిని కాపలా పెట్టింది. బాబాకి ప్లేటు నిండా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చిచ్చింది. బజ్జీ కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఇంకోటి తీసుకున్నాడు.

తిన్నాక అన్నాడు, "బిటియా, దీన్ని పాడు లాన్ అని ఎవరన్నారు? దీనిమీద మనుషులున్నారు. నాదానిమీద ఎవరున్నారు?"

నన్ను మేడమ్ అనకుండా బిటియా, అంటే తల్లీ, అనడం అదే మొదలు. గోనెసంచి ఉందా అని అడిగాడు. సాయంత్రానికి రెండు సంచులు నింపాడు. ఒకదాంట్లో తుంగగడ్డలు, పల్లేరు తీగెలు, మట్టితో సహా గరిక. రెండోదాంట్లో పాలకవర్లు, ఇటుకముక్కలు, దారం. కండక్టర్ రెండో సంచి ఎక్కించుకోనంటే, ఇది కంపెనీ సామాను భయ్యా అని నేను దబాయించాను. రేకు పెట్టెలో బట్టలు మళ్ళీ దండెం మీదకెక్కాయి.

ఆయన పెంచిన ఆ లాన్‌ని ఫ్యాక్టరీలో అందరూ ఖరాబ్ లాన్ అనేవారు. దానికెంత చాకిరీ చేశాడో చెబితే నమ్మరు. పల్లేరుకి ఎరువు వేసేవాడు. తుంగ బలిస్తే కత్తిరించేవాడు. ఇటుకముక్కల చోట్లు ఆయనకి కంఠతా వచ్చు, పరీక్షలో ఎగిరిన ముక్కని వెతికి తెచ్చి దాని చోట్లోనే పెట్టేవాడు. పంద్రాగస్టు తర్వాత ఫరీదాబాద్ మేడలన్నీ తిరిగి మాంజా ఏరుకొచ్చేవాడు. ఒక ఏడాది ఆఫీసువాళ్ళు స్వచ్ఛత కార్యక్రమమని చీపుర్లు పట్టుకుని ఖరాబ్ లాన్ అంతా శుభ్రంగా ఊడ్చేశారు, ఫోటోలు కూడా దిగారు. బాబా లబలబలాడిపోయాడు. "మూడేళ్ళ కష్టం! మూడేళ్ళ కష్టం తుడిచిపెట్టేశారు!" అని గేటు దగ్గర కూర్చున్నాడు. సాబ్ వచ్చి, చెత్త వెనక్కి తెప్పించి, ఊడ్చినవాళ్ళ చేతే మళ్ళీ చల్లించారు.

మిషన్లు మెల్లగా మారాయి. షాఫ్టుకి దారం దూరని డిప్ప వచ్చింది, బ్లేడు మందమైంది, రాయి ఎగరకుండా వెనక రబ్బరు తెర వచ్చింది. ఢిల్లీ గడ్డిలో నడిచే మిషన్ ఎక్కడైనా నడుస్తుందని పేరొచ్చింది. ఆ పేరు మీదే బ్రష్ కట్టర్లు అమ్మాం, మిగతావన్నీ అమ్మాం. పుస్తకంలో "నిరంతర పరిశోధన ఫలితం" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఆ పరిశోధన గోనెసంచిలో వచ్చిందని రాస్తే పరువు పోతుందట.

ఖరాబ్ లాన్ అంచున నేనే బోర్డు పెట్టించాను, బూట్లు లేకుండా అడుగుపెట్టరాదని. గాజుపెంకులు, పల్లేరు కాయలు, ఇంకేం చెయ్యను? బోర్డు దిగ్గొట్టిన రోజు బాబా పక్కనే ఉన్నాడు. మర్నాటి నుంచి ఆయనా కంపెనీ బూట్లు తొడిగాడు. నేను మాత్రం ఆ బోర్డు పక్కనుంచి పోయిన ప్రతిసారీ తలొంచుకునే పోయాను. నా గడ్డిలో ఏం తప్పని అడిగినప్పుడు నేనిచ్చింది జవాబు కాదు. ఉద్యోగం నిలబెట్టాను నిజమే, దాని కోసం ఆయన చేత ఆయన గడ్డినే తీయించేశాను.

పెద్ద సాబ్ పోయారు. చిన్న సాబ్ వచ్చి ల్యాబ్ కట్టించాడు. ఇప్పుడు బ్యాటరీ మిషన్లని గదిలో బెంచీ మీద బిగించి, కంప్యూటర్‌తో పరీక్షిస్తున్నారు. ఖరాబ్ లాన్ జాగాలో ఛార్జింగ్ షెడ్డు వేసి, కింద సిమెంటు దిమ్మలు పరచాలని నిర్ణయమైంది. బాబాకి ఎప్పుడో రిటైర్ కావాల్సిన వయసు, ఆ వేసవిలో నిజంగానే రిటైర్ చేశారు. అందరం కలిసి శాలువా, ఫోను కొన్నాం. చిన్న సాబ్ మంచివాడే, చెడ్డవాడని నేననను. "ఇంకేమైనా కావాలా బాబా" అని మైకులో అడిగాడు.

"ఆ లాన్ మీద ఇక పరీక్షలు లేవు కదా సాబ్. వానాకాలం అయ్యేదాకా నాకివ్వండి" అన్నాడు బాబా.

"దసరా వెళ్ళగానే దిమ్మలు పరిచేస్తాం బాబా. తెలుసుగా?"

"తెలుసు."

జీతం లేదు, ఏమీ లేదు, గది మాత్రం ఉండనిచ్చారు. వానలు పడినన్నాళ్ళూ అటువైపు ఎవర్నీ రానివ్వలేదు, చుట్టూ పాత పరదాలు కట్టేశాడు. నేను వెళితే "ఇప్పుడు కాదు బిటియా" అని తరిమేశాడు. సెప్టెంబరు చివర్లో ఒకరోజు పొద్దున్నే ఆ కొత్త ఫోను నుంచే చేశాడు. "ఇవాళ టీ తాగకుండా ముందు ఇటు రా" అన్నాడు.

బస్సు దిగి తిన్నగా అటే పోయాను, అలవాటు ప్రకారం సేఫ్టీ బూట్లు తొడుక్కుని. పరదాలు తీసేసి ఉన్నాయి. అడుగు ముందుకేయబోయాను.

"జూతే! జూతే ఉతారో!"

అదే గొంతు, కాస్త వణుకుతోంది. నా బోర్డు పీకి గోడకి చేరేసి ఉంది. వంగి లేసులు విప్పుతుంటే కళ్ళు కనపళ్ళేదు నాకు. ఒట్టి కాళ్ళతో దిగాను. ఇన్నేళ్ళ అలవాటు, అడుగడుక్కీ బొటనవేలితో ముందు తడుముకుని, అప్పుడు పాదం మోపుతున్నాను. "ఏం వెతుకుతున్నావు?" అని అడిగాడు. "రాళ్ళు బాబా" అన్నాను. "దొరికితే చెప్పు" అన్నాడు.

ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాను. మంచు తడి పాదాలకి అంటుకుంది, అంతే, ఇసకరేణువు తగల్లేదు. ముందురోజు కోసినట్టున్నాడు, చారలు కనిపిస్తున్నాయి. ఆ చివర గొంతుక్కూర్చుని, మోకాళ్ళు పట్టేస్తున్నా సరే, ఆయన నేర్పినట్టే కొసలు ఒక్కొక్కటీ చూశాను. ఒక్కటీ పాలిపోలేదు. ఆయన అటు అంచునే నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పుడూ నేను ఆయన మాట కోసం నిలబడినట్టు.

"బాబా!" అని అరిచాను, ఫ్యాక్టరీ అంతా వినపడేలా. "నీ గడ్డిలో ఏ తప్పూ లేదు! పాస్!"

ఆయన మెల్లగా కిందకి కూర్చుని తన బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.